చెట్లు పోయినా సరే, అద్దాలు ఉండాలె

దసరా దగ్గర పడిందంటే చాలు, మా అవ్వకు పూనకం వస్తుంది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ఏడాది పొడుగునా మోకాళ్ల నొప్పులని మూలిగే మనిషి, గల్లీలో బతుకమ్మ పాట వినపడగానే కొంగు బొడ్లో దోపి చీపురు అందుకుంటుంది. ఆమె, బాపు ఇప్పుడు జనగామలో నా దగ్గరే ఉంటారు. ఇల్లు నాదే, ఉద్యోగం నాదే, కానీ దసరా ముందు మాత్రం నేను ఆ ఇంట్లో కూలిమనిషిని. మొన్న ఆదివారం స్టూలెక్కి సజ్జ మీది సామాను ఒక్కొక్కటే కిందికి అందిస్తున్నాను. మూత లేని కుక్కరు, కాళ్లు విరిగిన పీట, ఎవరూ వాడని ఇత్తడి బిందె. వాటి వెనక పాత లుంగీ గుడ్డలో గట్టిగా చుట్టిన మూట ఒకటి చేతికి తగిలింది. విప్పితే జానెడు పొడవున్న ఆకుపచ్చ బిళ్ల, దాని మీద చిన్న ఫ్యాను, ఫ్యాను రెక్కల నిండా దుమ్ము. చూడగానే గుర్తుపట్టాను. మా అన్న పాత కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు అది.

"అవ్వా, గిది ఇంకా ఉన్నదా మనింట్ల?"

"నేనే దాసిన."

"పాత ఇనుప సామానోడు గల్లీలకు వచ్చిండు. ఇచ్చేద్దామా?"

"ముందు నిన్ను ఇచ్చేస్త వానికి," అంది అవ్వ, తలెత్తకుండానే. "దిగి ముఖం కడుక్కో. దుమ్ముల మునిగి దయ్యం లెక్క ఉన్నవ్."

దిగాను గానీ ముఖం కడుక్కోలేదు. ఆ బిళ్లను ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుండిపోయాను. కొన్ని వస్తువులను చూస్తే కాలం గుర్తొస్తుంది. దీన్ని చూస్తే నాకు బాపు కుడిచెయ్యి గుర్తొస్తుంది.

అప్పుడు మేం భూపాలపల్లిలో, బొగ్గు బాయి వాళ్ల క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపు ఓపెన్‌కాస్ట్‌లో, అంటే పైనుంచే తవ్వే గనిలో, డంపర్ ఆపరేటర్. డంపర్ అంటే మామూలు లారీ కాదు, దాని ఒక్కో చక్రం మా క్వార్టర్ తలుపు కంటే ఎత్తు. మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో ఇల్లంతా ఆయన కోసమే నిద్ర లేచేది. అవ్వ వాకిలి ఊడ్చి చల్లేది, ఆ చల్లిన నీళ్లు కాసేపటికే నల్లబడేవి. తులసి ఆకుల మీద, ఆరేసిన బట్టల మీద, కిటికీ చువ్వల మీద ఎప్పుడూ సన్నటి నల్ల పొడి. మధ్యాహ్నం బాయిలో బ్లాస్టింగ్ చేస్తే వంటింటి అలమరలో గిన్నెలు గలగలమనేవి. చుట్టాలు వస్తే ఉలిక్కిపడేవాళ్లు. మేం మాత్రం "టైమైంది, పొయ్యి మీద ఎసరు పెట్టాలె" అనుకునేవాళ్లం.

షిఫ్టు దిగి వచ్చిన బాపు నల్లా కింద కూర్చుని, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గోళ్ల సందుల్లో నలుపు పోయే దాకా కడుక్కుని అన్నానికి వచ్చేవాడు. ఆయన తినడం ఒక తీరు. పీట మీద కూర్చుని, అన్నం మధ్యలో గుంట చేసి, పచ్చిపులుసు పోసి, తొందర లేకుండా చాలాసేపు కలిపేవాడు. ఆ కలిపే చప్పుడుకే మాకు ఆకలేసేది. చెంచా ముట్టడు. ఎడమచెయ్యి కంచం దగ్గరికే రానీయడు. నేను చిన్నప్పుడు ఎడమచేత్తో రొట్టె తుంచితే వేళ్ల మీద చిన్న దెబ్బ పడేది. "ఎడమ చేత్తోని తినుడు కంటె పస్తులుండుడు నయం" అనేవాడు. అది ఆయనకు కట్టుబాటు కూడా కాదు. నీళ్లు పల్లానికి పోవడం ఎంతో, అన్నం కుడిచేత్తో తినడం అంతే.

ఆ కుడిచెయ్యే పడిపోయింది. ఒక పొద్దున షిఫ్టుకు బూట్లు కట్టుకుంటూ కట్టుకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. వరంగల్ దవాఖానకు తీసుకుపోతే పక్షవాతం అన్నారు. దేవుడు మేలు, మాట తొందరగానే మళ్లింది, కాలు కూడా కొన్నాళ్లకు నేలను పట్టింది. చెయ్యి మాత్రం భుజానికి తగిలించిన సంచిలాగా ఉండిపోయింది. అవ్వ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. అవి మా ఎదుట తినేవాడు కాదు. నేను కాలేజీకి పోయే దాకా, అన్న ఇంట్లో ఉంటే వాడు బయటికి పోయే దాకా ఆకలి లేదని పడుకునేవాడు. మేం లేనప్పుడు, తలుపు దగ్గరికి వేసి, అవ్వ చేతి ముద్ద తినేవాడు. చెంచా ఇచ్చి ఎడమచేత్తో తినమని డాక్టర్ చెప్పాడు. ఆ చెంచా ఎక్కడుందో ఇప్పటికీ తెలియదు, పెరట్లోకి విసిరేశాడు. మనిషి సగానికి సగం అయిపోయాడు. ఇట్లాగే ఉంటే బాపు మనకు దక్కడని నాకు భయంగా ఉండేది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, అందరం అదే అనుకునేవాళ్లం.

వేళ్లు మళ్లాలంటే చేసిన పనే మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉండాలని దవాఖానలో చెప్పారు, ఒక మెత్తటి బంతి ఇచ్చారు. బాపు దాన్ని కూడా మూలకు గిరాటేశాడు. "నేనేమన్న పసిపోరన్నా, బంతి ఆడనీకి?" ఇంక ఆయన్ని కదిలించడం ఎవరి తరం కాలేదు.

మా అన్న రాజు అప్పుడు వరంగల్‌లో డిప్లొమా చదివేవాడు, వాడికి కంప్యూటర్ ఆటల పిచ్చి. స్నేహితుల దగ్గర పాత సామాన్లు పోగు చేసి ఒక కంప్యూటర్ తయారు చేసుకుని, ముందు గదిలో పెట్టుకున్నాడు. బాపు బాగున్న రోజుల్లో దాన్ని చూస్తేనే ఆయనకు మంట. అందులో లారీ నడిపే ఆట ఒకటి ఉండేది. బల్లకు బిగించే ఉత్తుత్తి స్టీరింగ్ కూడా సంపాదించాడు అన్న. ఒక సెలవు రోజు బాపు మంచం మీద పడుకుని ఉండగా అన్న ఆ లారీని గోదాములోకి రివర్స్ చేస్తున్నాడు. గోడకు కొట్టాడు. మళ్లీ చేశాడు, మళ్లీ కొట్టాడు. బాపు అటు తిరిగి పడుకున్నాడు, ఇటు తిరిగాడు, ఆఖరికి లేచి కూర్చున్నాడు.

"గట్ల కాదురా. ముందట స్టీరింగు ఎడమకు కొయ్యి."

"కోస్తనే ఉన్న బాపూ."

"ఏం కోస్తున్నవ్, నీ తలకాయ. జరుగు."

జరిగాడు. బాపు ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, తెచ్చి, స్టీరింగ్ మీద పెట్టుకున్నాడు. వేళ్లు పట్టుకోలేదు, ఉత్తగా ఆనుకుని ఉన్నాయంతే. కానీ స్టీరింగ్ తిప్పాల్సి వచ్చేసరికి ఆ భుజం దానంతటదే కదిలింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను కదలకుండా నిలబడ్డాను, కదిలితే ఎక్కడ ఆగిపోతాడోనని.

ఆ రోజు నుంచి అది ఆయన డ్యూటీ అయింది. పొద్దున చాయ్ తాగి, గోడకున్న షిఫ్టు టోపీ పెట్టుకుని మరీ కూర్చునేవాడు. వానాకాలమంతా నడిపాడు. మొదట అరచెయ్యి ఆనింది, తర్వాత బొటనవేలు చుట్టుకుంది, తర్వాత మిగతా వేళ్లు ఒక్కొక్కటీ ముడుచుకోవడం నేర్చుకున్నాయి. అవ్వ మక్కగారెలు చేసి పక్కన పెడితే, అందరం వంటింట్లో ఉన్నామనుకుని, ఒక గారెను కుడిచేత్తో నోటి దాకా తెచ్చుకున్నాడు. అది జారి పడింది. నేను తలుపు సందులోంచి చూశాను గానీ చూసినట్టు ఎవరికీ చెప్పలేదు. దసరాకల్లా ఈయన తన చేత్తో తాను తింటాడని మనసులో గట్టిగా అనుకున్నాను.

ఇంతలో దసరా దులుపుడు వచ్చిపడింది. అవ్వ సంగతి చెప్పాను కదా. గోడలకు సున్నం, అటకలకు బూజుకర్ర, పరుపులు ఎండకు. ఆమె లెక్కలో పండుగకు ముందు ఇంట్లో ఏ మూలా పాత చెత్త ఉండకూడదు. కాలేజీ నుంచి ఒక పూట వచ్చిన అన్నను కూడా వదల్లేదు. "నీ డబ్బాను కూడ దులుపురా, కుంకుమ బొట్టు పెట్టాలె దానికి" అంది. దులపమంటే మా అన్న బయట దుమ్ము దులిపి ఊరుకుంటాడా? లోపల కూడా దులిపాడు. పాత ఫైళ్లు, పాత సాఫ్ట్‌వేర్లు, ఏది పనికొస్తుందో ఏది రాదో చూడకుండా బూజు తీసినట్టు తీసేశాడు. గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను కూడా వేళ్లతో సహా పీకి, కాలేజీ నుంచి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సరికొత్తది వేశాడు. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కూ ఆ కార్డుకూ మధ్య మాటలు మోసే సాఫ్ట్‌వేర్. కొత్త డ్రైవర్ వేశాం కదా, ఇక కార్డు ఉరుకుతుందనుకుని, ఆటలోని సెట్టింగులన్నీ పైకి పెట్టేశాడు. చెట్లకు నీడలు, రోడ్డు పక్క గడ్డి, వాన పడితే తడి రోడ్డు మీద లైట్ల మెరుపు. "సూడే, సినిమా లెక్క ఉన్నది" అని నాకు చూపించాడు. నిలబడి ఉన్న లారీనే చూపించాడు, నడిపి చూడలేదు. బస్సుకు టైమైందని సంచి తీసుకుని ఉరికాడు. ఇల్లలకగానే పండుగ కాదని ఊరికే అన్నారా పెద్దలు.

మర్నాడు బాపు టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. నేను పక్క గదిలో బట్టలు మడతపెడుతున్నాను. కాసేపటికి చప్పుడు లేదు. చూస్తే స్టీరింగ్ మీంచి చేతులు రెండూ తీసేసి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ కుడిచెయ్యి పైన పెట్టాడు, తిప్పాడు, తెరవైపు చూశాడు, తీసేశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఏమైంది బాపూ?"

"ఏం కాలే."

అవ్వ పక్కన కూర్చుని అడిగితే చెప్పాడు. "చెయ్యి మళ్ల పోయింది. నేను తిప్పుతున్న, అది తిరుగుత లేదు. ఆలిస్యంగ తిరుగుతున్నది. మళ్ల వచ్చినట్టున్నది నాకు."

అవ్వ పండుగ ముందు, సున్నం గోడల మధ్య, పొయ్యి వెలిగించకుండా కూర్చుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అట్లా అయింది మా పని. వెంటనే వరంగల్ దవాఖానకు పోయాం. డాక్టర్ వేళ్లు వంచి, చాపి, తన చెయ్యి పట్టుకుని పిండమన్నాడు. పోయినసారి కంటే బలం బాగా పెరిగిందని, భయం లేదని చెప్పాడు. మేం ఊపిరి పీల్చుకున్నాం. బాపు మాత్రం నమ్మలేదు. "డాక్టర్లు గట్లనే అంటరు. నా కండ్లతోని నేను సూసిన" అన్నాడు బస్సులో. ఇంటికొచ్చి మళ్లీ గోడవైపు తిరిగాడు. అవ్వ ముద్ద పెడితే నోరు తెరవలేదు. తలుపు వేసినా తెరవలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇప్పటికీ అంతే. భయమేసినా నాకు కోపంగానే బయటికొస్తుంది. అందరి మీదా కోపమొచ్చింది. డాక్టర్ మీద, బాపు మీద, ఆ కంప్యూటర్ మీద. ఆ కోపంలోనే పోయి ఆ కుర్చీలో కూర్చుని లారీ నడిపాను. స్టీరింగ్ కుడికి తిప్పాను. లారీ తిన్నగా పోయి, పోయి, అప్పుడు తిరిగింది, తిరిగేసరికి గోడ వచ్చింది. నా చేతికేం రోగం? మళ్లీ తిప్పాను. మళ్లీ అంతే. బొమ్మ ఆగుతోంది, ఎగురుతోంది, ఎక్కిళ్లు పెడుతోంది. చెయ్యి తిరిగిన తర్వాత ఎప్పటికో తిరుగుతోంది. నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. "బాపూ, నీ చెయ్యి మంచిగున్నది. గీ డబ్బాకే పక్షవాతం" అని కేక పెట్టాను. అవ్వ పరుగెత్తుకొచ్చి తానూ తిప్పి చూసింది. జీవితంలో అవ్వ స్టీరింగ్ పట్టింది ఆ ఒక్కసారే. లారీని కాలువలోకి తోసి, "అవునే బిడ్డా, మొండి గాడిద లెక్కనే ఉన్నది" అంది.

బాపు మాత్రం ఇటు తిరగలేదు. "నన్ను సముదాయిస్తున్నరు మీరు" అన్నాడంతే. ఆయన తప్పు కాదు. వానాకాలమంతా తెర మీది లారీని చూసే తన చెయ్యి ఎంత మళ్లిందో తెలుసుకున్నాడు. ఇప్పుడు ఆ లారీయే చెయ్యి పోయిందని చెబుతుంటే ఆడపిల్ల మాట ఎందుకు నమ్ముతాడు? ఆ లారీని మళ్లీ ముందులా నడిపిస్తేనే గానీ ఆయన లేవడు, తినడు.

అన్నకు ఫోన్ చేసి నాలుగు తిట్టాను. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే వచ్చిపడ్డాడు, ముఖం పాలిపోయి ఉంది. కూర్చుని సెట్టింగులు తగ్గించడం మొదలుపెట్టాడు. ఆ కార్డు చేసే పని నాకు అప్పుడే అర్థమైంది. తెర మీద మనం చూసేది కదిలే లారీ కాదు, గబగబా ఒకదాని వెనక ఒకటి గీసి చూపించే బొమ్మలు. ఒక్కో బొమ్మలో ఎంత ఎక్కువ గీయమంటే అంత ఆలస్యం. అవ్వ ఒక్కతే పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతుంటే ఒకరు ఉల్లిగడ్డ కారం, ఒకరు పప్పు, ఒకరు ఆమ్లెట్ అడిగితే రొట్టె ఎప్పుడు రావాలి? నీడలు తగ్గిస్తే కొంచెం నయమైంది. గడ్డి తీసేస్తే ఇంకొంచెం. కానీ ఎన్ని తగ్గించినా, నడిచి నడిచి ఒక్కసారి ఎక్కిలి పెట్టడం మాత్రం మానలేదు.

"కొత్త డ్రైవర్ కొత్త కార్డుల కోసం చేసిండ్రే. మన పాత కార్డుకు అది పడ్త లేదు" అన్నాడు అన్న. "పాతది వెయ్యాలె."

"ఎయ్యి మరి."

"దులిపిన కద," అన్నాడు తల దించుకుని.

కాలేజీ మూసేశారు, క్వార్టర్స్‌లో ఇంటర్నెట్ అంటే అప్పుడు దేవుడి దర్శనమే. అంత పెద్ద ఫైలు సగం దాకా వచ్చి తెగిపోయేది. అప్పుడు గుర్తొచ్చింది అన్నకు సునీత సంగతి. వాడి డిప్లొమా క్లాస్‌మేట్, గూడూరు అవతల తండాలో వాళ్లిల్లు. ఆ కార్డు మొదట ఆమెదే, కొన్నప్పుడు కార్డుతోపాటు వచ్చిన డ్రైవర్ సీడీ ఆమె దగ్గరే ఉండిపోయింది. ఫోన్ చేస్తే "ఉంటది, ఇంట్ల యాడనో ఉంటది, రాండ్రి" అంది. అన్న ఇంట్లో కుస్తీ పడుతుంటే నేను బయల్దేరాను. ఇంట్లో కూర్చుని ఆ మంచం వైపు చూడటం నావల్ల కాలేదు. బస్సులు మారి గూడూరులో దిగితే సునీత బండి మీద వచ్చి ఎక్కించుకుంది. కడిగిన ముత్యంలాంటి పిల్ల, మాట మాత్రం కత్తి.

ఇంట్లో పెట్టెలన్నీ వెతికింది, సీడీ లేదు. వాళ్లమ్మను వాళ్ల ఇంటి భాషలో ఏదో అడిగింది. ఆమె పొయ్యి దగ్గర నుంచే చెయ్యెత్తి చేను వైపు చూపించింది. సునీత నెత్తి కొట్టుకుంది.

"మా యాడి జొన్నచేన్ల కట్టిందట, పిట్టలు రాకుంట."

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. చేను నిండా దారాలు, దారాలకు సీడీలు. ఎండకు తళతళ మెరుస్తూ గాలికి తిరుగుతున్నాయి. కొన్ని పెళ్లి వీడియోలు, కొన్ని భజన పాటలు, ఒకటి తెలుగు టైపింగ్ నేర్చుకునేది. నేను ఆ గట్టు నుంచి, సునీత ఈ గట్టు నుంచి, కంకుల మధ్య దూరి ఒక్కొక్కటీ పట్టుకుని చదివాం. జొన్న ఆకులు చేతులు కోశాయి. మా బాపు అన్నం ముద్ద ఈ చేనులో ఏ దారానికి వేలాడుతుందోనని ఒక్క దారాన్ని కూడా వదల్లేదు. చివరికి మంచె పక్కన దొరికింది, పిట్ట రెట్టతో సహా. దారం విప్పుతుంటే సునీత వాళ్లమ్మ వచ్చి సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"తీస్కపో బిడ్డా," అందామె. "మీ బాపు తినాలె గని, పిట్టలు ఒక్కపూట తింటే ఏమైతది. తిననియ్."

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సీడీ కడిగి సునీత కంప్యూటర్‌లో పెడితే గరగరమని తిరిగి బయటికొచ్చింది. గీతలు పడ్డాయి. సునీత పళ్ల పేస్టు తెచ్చి, మెత్తటి గుడ్డతో మెల్లగా రుద్ది, కడిగి, తుడిచి మళ్లీ పెట్టింది. బయటికే వచ్చింది. మళ్లీ పెట్టింది, మళ్లీ వచ్చింది. "ఉండు, మొండి దానికి మొండిదే మొగుడు" అని ఇంకా రుద్దింది. చివరికి తెర మీద ఫైళ్ల వరుస కనపడింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నా చేతిలో పెడుతూ, "మీ అన్నకు చెప్పు. కొత్తొక వింత, పాతొక రోత అనుకుంటే గిట్లనే అయితదని" అంది. వాళ్లమ్మ జొన్నరొట్టెలు కట్టిచ్చింది. అవి బస్సులోనే తిన్నాను, ఎన్ని రోజుల తర్వాత కడుపునిండా తిన్నానో.

పాత డ్రైవర్ వేశాక ఎక్కిళ్లు పోయాయి. అన్న ఇంకా సాఫీగా ఉండాలని తీయగలిగినవన్నీ తీసేశాడు, లారీ పక్క అద్దాలతో సహా. అద్దంలో వెనక దృశ్యం కూడా కార్డే మళ్లీ గీయాలి కదా, దానికి చాలా పని పడుతుందట. లారీ వెన్నపూసలా నడిచింది. బాపును లేపడానికి అవ్వ బతిమాలింది, నేను అరిచాను. ఏ మాటకు కదిలాడో గానీ లేచి కూర్చున్నాడు. టోపీ పెట్టుకోలేదు. చెయ్యి ఒళ్లోనే ఉంచుకుని తెర వైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. కుడివైపు చూశాడు.

"అద్దాలేవిరా?"

ఆ ఒక్క మాటకు అవ్వ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టింది.

"తీసేసిన బాపూ. అవి ఉంటే బండి జర లేట్ అయితది" అన్నాడు అన్న.

"అద్దాలు లేని బండి ఎక్కుతనా నేను? కుప్ప మీద మట్టి పోసేటందుకు రివర్స్ పోతుంటె వెనుక ఏమున్నదో అద్దమే కద చెప్పేది. పెట్టు."

"పెడితే మళ్ల ఆగుతది."

"ఇంకేదన్న తియ్. గా చెట్లెందుకు నాకు? చెట్లు పోయినా సరే, అద్దాలు ఉండాలె."

అన్న పాపం చెట్లు తీశాడు. దూరం కొండలు మసకబారాయి. ఇళ్ల గోడలు గీకినట్టయ్యాయి. తెర మీది అక్షరాలు సరిగా చదవరానంతగా బొమ్మ రిజల్యూషనే తగ్గించాడు. ఆఖరికి ఆ లోకంలో వాన లేదు, నీడ లేదు, గడ్డిపరక లేదు. ఒక బూడిదరంగు రోడ్డు, ఒక లారీ, దానికి రెండు అద్దాలు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత అందవికారమైన బొమ్మను చూడలేదు. బాపు అద్దాలను అటూ ఇటూ చూసుకుని, టోపీ తెమ్మన్నాడు. కుడిచెయ్యి ఒళ్లోంచి లేచింది, ఈసారి ఎడమచెయ్యి సాయం లేకుండానే. స్టీరింగ్ తిప్పాడు. చెయ్యి తిరిగినప్పుడే లారీ తిరిగింది. ఆయన ఆగాడు, మళ్లీ తిప్పాడు, మళ్లీ తిరిగింది. అద్దంలో చూసుకుంటూ వెనక్కి, వెనక్కి పోయి గోదాములో గీత మీద నిలబెట్టాడు.

"నా చెయ్యి పోలే" అన్నాడు.

"నేను మొత్తుకున్న కద" అన్నాను, ఏడుస్తూనే.

ఆ మధ్యాహ్నం బాయిలో బ్లాస్టింగ్‌కు అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. అవ్వ అలవాటుగా కంచంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి, కలపబోయింది. మేం కూడా అలవాటుగా బయటికి పోవడానికి లేచాం. బాపు కంచాన్ని తనవైపు లాక్కున్నాడు. "కూసోండ్రి" అన్నాడు మాతో. వేళ్లు అన్నంలో పెట్టి కలిపాడు, చాలాసేపు కలిపాడు. ముద్ద కట్టలేదు, మెతుకులు వేళ్ల సందుల్లోంచి రాలాయి, పులుసు మోచేతి దాకా కారింది. అవ్వ తుడవబోతే వద్దన్నాడు. సగం నోట్లోకి, సగం ఒళ్లోకి. ఎవరం ఆయన వైపు చూడలేదు, ఎవరి కంచంలోకి వాళ్లం చూసుకుంటూ తిన్నాం. "ఉప్పు తక్కువైంది" అన్నాడు మధ్యలో. ఇన్నాళ్లూ ఎక్కువైందనీ తక్కువైందనీ అనని మనిషి ఆ మాట అనగానే, నా గుండె మీంచి బండరాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆ తేలికదనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆయన మళ్లీ డంపర్ ఎక్కలేదు, బాయిలో ఒప్పుకోలేదు. అది ఆయనకు తీరని లోటే. కానీ తన అన్నం తాను తిన్నాడు, ఇన్నేళ్లుగా తింటున్నాడు.

ఇవన్నీ ఆ గడప మీద కూర్చుని అనుకుంటుండగానే అన్న వచ్చాడు. ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉంటాడు, ఆదివారం వస్తే రైలెక్కి వచ్చేస్తాడు, వెంట లాప్‌టాప్ తప్పదు. ఇప్పుడు వాటిలో ఆకుల మీద చినుకు కూడా కనపడుతుంది, సెట్టింగులు మనం ముట్టుకోకుండా అవే సర్దుకుంటాయి. తెరవగానే మూలన ఒక గుర్తు వచ్చింది, కొత్త డ్రైవర్ వచ్చింది, వేసుకుంటారా అని. న్యాయంగా చెప్పాలంటే కొత్తది ప్రతిసారీ చెడ్డదేమీ కాదు. పోయినసారి వేస్తే అన్న ఆట నిజంగానే సాఫీ అయింది, ఒక్క నొక్కుతో అయిపోయింది, ఎవరూ జొన్నచేలో దూరనక్కర్లేదు. అయినా ఆ గుర్తు చూస్తే నా చెయ్యి ఇప్పటికీ లాప్‌టాప్ మూతవైపే పోతుంది. అన్న నా ముఖం చూసి మూసేశాడు.

"పండుగ పోనియ్యిరా" అన్నాడు బాపు, మంచం మీద నుంచే. "ఎయ్యి గని, ముందుగాల పాతదాన్ని ఓ మూలకు దాసి ఎయ్యి."

అప్పుడు నా ఒళ్లోని బిళ్లను చూశాడు. చెయ్యి చాపితే ఇచ్చాను. డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాలు సవరించుకుని, ఫ్యాను మీద దుమ్మును నోటితో ఊది, కుడిచేతి చూపుడువేలితో రెక్కను మెల్లగా తోశాడు. అది ఆగి ఆగి ఒక చుట్టు తిరిగింది. ఇంకోసారి తోశాడు, ఈసారి తేలిగ్గా తిరిగింది. ఏ చేత్తో తోస్తున్నాడో ఆయన చూసుకోలేదు. నేను, అన్న, వంటింటి గుమ్మంలో అవ్వ, ముగ్గురం ఆ వేలినే చూస్తూ నిలబడ్డాం.

"ఏందట్ల సూస్తున్నరు?" అన్నాడు బాపు. "సజ్జ మీద పెట్టుండ్రి దీన్ని. నేను చెయ్యి కడుక్కొని వస్త, అన్నం పెట్టుండ్రి."